కరిగిన మంచు ఎక్కడికి చేరుతుంది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో ధ్రువ ప్రాంతాల మంచు తరుగుదల గురించి ప్రచురించిన వ్యాసం చదివి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఒకే రకమైనవాటిని కలిపి, పొడవైనవాటిని కుదించి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. ప్రశ్నల్లో అధిక భాగం వెనుక ఒక ఊహ కనిపించింది. మంచు ఎక్కడ కరిగినా ఆ నీరు సముద్రమంతటా సమంగా పరుచుకుంటుందని, కాబట్టి ఎంత కరిగిందో తెలిస్తే చాలునని చాలామంది భావిస్తున్నారు. అందులో సగమే నిజం. ఎంత కరిగిందన్న దానితో పాటు ఎక్కడ కరిగింది, కరిగిన నీరు సముద్రంలో ఏ లోతున నిలిచింది అన్న సంగతులు కూడా లెక్కలోకి వస్తాయి.

ప్రశ్న: గ్లాసు నీటిలో ఐసు ముక్క వేసి అది పూర్తిగా కరిగేదాకా చూశాను. నీటిమట్టం ఏమాత్రం మారలేదు. మరి ధ్రువాల మంచు కరిగితే సముద్రమట్టం పెరుగుతుందని ఎలా అంటున్నారు?

జవాబు: మీ ప్రయోగం సరైనదే, కాని అది తేలే మంచుకు మాత్రమే వర్తిస్తుంది. నీటిపై తేలుతున్న మంచు తన బరువుకు సమానమైన బరువు గల నీటిని అప్పటికే పక్కకు నెట్టి ఉంటుంది కనుక, కరిగినప్పుడు ఆ చోటునే నింపుతుంది. ఉత్తర ధ్రువం వద్ద నేల లేదు, ఆర్కిటిక్ మహాసముద్రం ఉంది. ఆ సముద్రపు ఉపరితలం గడ్డకట్టగా ఏర్పడిన, చాలాచోట్ల రెండు మూడు మీటర్లకు మించని మందం గల మంచు ఈ కోవలోకే వస్తుంది. 1980లలో సెప్టెంబరు నెలలో ఈ మంచు విస్తీర్ణం 70 లక్షల చదరపు కిలోమీటర్ల దరిదాపుల్లో ఉండేది. 2012 సెప్టెంబరులో అది సుమారు 34 లక్షలకు పడిపోయింది. అయినా సముద్రమట్టం మీద దాని ప్రత్యక్ష ప్రభావం అత్యల్పం.

అత్యల్పమే తప్ప సున్నా కాదు. మీ గ్లాసులో ఉన్నది మంచినీరు, సముద్రంలో ఉన్నది ఉప్పునీరు. ఉప్పునీటి సాంద్రత ఎక్కువ కాబట్టి, కరిగిన మంచినీరు తాను పక్కకు నెట్టిన ఉప్పునీటి కన్నా సుమారు 2.6 శాతం ఎక్కువ చోటును ఆక్రమిస్తుంది. ప్రపంచంలోని తేలే మంచంతా కరిగిపోయినా ఈ కారణంగా పెరిగే మట్టం 4 సెంటీమీటర్ల లోపే ఉంటుందని అంచనా.

నేల మీద పేరుకున్న మంచు సంగతి పూర్తిగా వేరు. గ్రీన్‌లాండ్ హిమఫలకం దాదాపు 17 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని, మధ్య భాగంలో 3 కిలోమీటర్లకు పైగా మందంతో ఉంది. అది మొత్తం కరిగితే సముద్రమట్టం సగటున సుమారు 7.4 మీటర్లు పెరుగుతుంది. అంటార్కిటికాలో ఉన్న మంచు అంతకు ఎన్నో రెట్లు, సుమారు 58 మీటర్ల పెరుగుదలకు సరిపోయేంత. ఇదంతా మన జీవితకాలంలో కరిగిపోదు. నిల్వ ఎంత ఉందో తెలిస్తేనే అందులో ఒకటి రెండు శాతం కదిలినా ఎంత ప్రభావం ఉంటుందో అర్థమవుతుంది కనుక ఈ అంకెలు చెప్పవలసి వచ్చింది.

తేలే మంచును నిర్లక్ష్యం చేయవచ్చని కూడా దీని అర్థం కాదు. మంచు కప్పిన సముద్రం తన మీద పడిన సూర్యకాంతిలో సగానికి పైగా వెనక్కి పంపిస్తే, తెరచి ఉన్న సముద్రం 90 శాతానికి పైగా పీల్చుకుంటుంది. ఆ వేడి చివరికి నేల మీది మంచును కూడా చేరుతుంది.

ప్రశ్న: ప్రస్తుతం సముద్రమట్టం ఏటా ఎంత పెరుగుతోంది? అందులో మంచు వాటా ఎంత?

జవాబు: 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సగటు సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. గత శతాబ్దపు తొలి ఏడు దశాబ్దాల్లో ఏటా 1.3 మిల్లీమీటర్లుగా ఉన్న వేగం 2006–2018 మధ్య 3.7 మిల్లీమీటర్లకు చేరిందని వాతావరణ మార్పులపై అంతర ప్రభుత్వ సంఘం, అంటే ఐపీసీసీ, తన ఆరవ నివేదికలో పేర్కొన్నది.

1971–2018 కాలాన్ని మొత్తంగా తీసుకుంటే, పెరుగుదలలో సగం వేడెక్కిన నీరు వ్యాకోచించడం వల్ల వచ్చింది. పర్వత హిమానీనదాల వాటా 22 శాతం, గ్రీన్‌లాండ్, అంటార్కిటికా హిమఫలకాల వాటా 20 శాతం. మిగిలినది భూగర్భజలాల వినియోగం వంటి కారణాల వల్ల నేల మీది నీటి నిల్వల్లో వచ్చిన మార్పు. అయితే 2006 తరువాతి కాలాన్ని విడిగా చూస్తే, నీటి వ్యాకోచాన్ని మంచు కరుగుదల దాటిపోయింది.

భూమి గురుత్వాకర్షణలోని స్వల్ప తేడాలను కొలిచే గ్రేస్ జంట ఉపగ్రహాలు 2002 నుంచి 2017 వరకు ఈ హిమఫలకాలను దాదాపు తూకం వేశాయి, 2018 నుంచి వాటి వారసులు ఆ పని చేస్తున్నాయి. వాటి లెక్క ప్రకారం గ్రీన్‌లాండ్ ఏటా సగటున సుమారు 27,000 కోట్ల టన్నుల మంచును, అంటార్కిటికా సుమారు 15,000 కోట్ల టన్నుల మంచును కోల్పోతున్నాయి. సముద్రమట్టం ఒక మిల్లీమీటరు పెరగడానికి సుమారు 36,000 కోట్ల టన్నుల నీరు కావాలి కనుక, ఈ రెండూ కలిసి ఏటా ఒక మిల్లీమీటరుకు కొంచెం పైగా జోడిస్తున్నట్లు.

ప్రశ్న: మంచు ఎక్కడ కరిగినా నీరు పల్లానికే పోతుంది కదా. సముద్రమట్టం అన్ని తీరాల్లో ఒకేలా ఎందుకు పెరగదు?

జవాబు: ఈ ప్రశ్న పంపినవారికి ప్రత్యేక ధన్యవాదాలు. సాధారణంగా పత్రికల్లో వచ్చే వ్యాసాలు ఈ విషయాన్ని వదిలేస్తాయి, మా వ్యాసం కూడా అందుకు మినహాయింపు కాదు.

నీరు పల్లానికి పోతుందన్నది నిజమే, అయితే పల్లం ఎటు ఉందో నిర్ణయించేది గురుత్వాకర్షణ. లక్షల కోట్ల టన్నుల మంచు ఒకే చోట గుట్టగా ఉన్నప్పుడు ఆ గుట్ట చుట్టూ ఉన్న సముద్రపు నీటిని తన వైపుకు లాక్కుంటుంది. అందువల్ల గ్రీన్‌లాండ్ చుట్టుపక్కల సముద్రం, ఆ మంచు లేకపోతే ఉండవలసిన మట్టం కన్నా ఎత్తులో ఉంది. మంచు కరిగే కొద్దీ ఈ ఆకర్షణ సడలి, అప్పటిదాకా అక్కడ నిలిచిన నీరు దూరంగా జారుకుంటుంది. దీనికి తోడు బరువు తగ్గిన నేల కూడా మెల్లగా పైకి లేస్తుంది. ఈ రెండింటి ఫలితంగా, గ్రీన్‌లాండ్ మంచు కరిగినప్పుడు దానికి సుమారు 2,000 కిలోమీటర్ల లోపు ఉన్న తీరాల్లో సముద్రమట్టం పెరగకపోగా తగ్గుతుంది. అక్కడి నుంచి దూరం పెరిగే కొద్దీ మట్టం క్రమంగా పెరుగుతూ, 6,000–7,000 కిలోమీటర్ల ఆవల ప్రపంచ సగటును దాటిపోతుంది.

ఇది ఇటీవలి ఆలోచన కాదు. మంచు గుట్టల ఆకర్షణ సముద్రమట్టాన్ని ఎలా వంచుతుందో అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ సింప్సన్ వుడ్‌వర్డ్ 1888లోనే లెక్కగట్టాడు. 1976లో విలియం ఫారెల్, జేమ్స్ క్లార్క్ ఆ లెక్కకు భూమి వంగే గుణాన్ని, నీటి పునఃపంపిణీని చేర్చి సమగ్ర రూపం ఇచ్చారు. నేటి అంచనాలన్నీ దాని మీద ఆధారపడినవే.

దీనివల్ల వచ్చే పర్యవసానం వింతగా ఉంటుంది. ఉత్తర ఐరోపా తీరాలకు పక్కనే ఉన్న గ్రీన్‌లాండ్ మంచు కన్నా భూగోళానికి అవతలి కొసన ఉన్న అంటార్కిటికా మంచు వల్లనే ఎక్కువ ప్రమాదం. దక్షిణార్ధగోళపు తీరాలకు ఇది తారుమారవుతుంది. పశ్చిమ అంటార్కిటికా మంచు కరిగితే ఉత్తర అమెరికా తీరాల్లో పెరుగుదల ప్రపంచ సగటు కన్నా పాతిక శాతం వరకు ఎక్కువగా ఉండవచ్చని లెక్కలు చెబుతున్నాయి. కాబట్టి ఏ తీరానికైనా రక్షణ ప్రణాళిక వేసేవారు ప్రపంచ సగటు అంకెను ఉన్నదున్నట్లు తీసుకోవడం సరైన పద్ధతి కాదని మా అభిప్రాయం.

ప్రశ్న: కొన్ని దేశాల్లో సముద్రం వెనక్కి తగ్గుతోందని చదివాను. సముద్రమట్టం పెరుగుతోందన్న వాదన తప్పని చెప్పడానికి ఇది చాలదా?

జవాబు: చాలదు. తీరంలో పాతిన కొలబద్ద నేలతో పోల్చి నీటి ఎత్తును చెబుతుంది, నేల కదిలితే ఆ కదలిక కూడా కొలతలో కలిసిపోతుంది. స్టాక్‌హోమ్‌లో 1774 నుంచి ఉన్న కొలతల్లో సముద్రం నిరంతరం తగ్గుతూ కనిపిస్తుంది. గత మంచుయుగంలో స్కాండినేవియా మీద ఉన్న మంచు బరువుకు అణిగిన భూపటలం ఇప్పటికీ పైకి లేస్తూ ఉండడమే దీనికి కారణం. స్వీడన్, ఫిన్లాండ్‌ల మధ్య ఉన్న బోత్నియా సింధుశాఖ ఉత్తర తీరంలో ఈ లేవడం ఏటా ఒక సెంటీమీటరు దాకా ఉంది. 1990ల ఆరంభం నుంచి ఉపగ్రహాలు నేలతో నిమిత్తం లేకుండా, భూకేంద్రం నుంచి సముద్రపు ఎత్తును నేరుగా కొలుస్తున్నందున ఈ చిక్కు చాలావరకు తీరిపోయింది.

ప్రశ్న: మహాసముద్రాల పరిమాణంతో పోలిస్తే కరిగే మంచు చాలా తక్కువ కదా. అంత కొద్దిపాటి మంచినీరు మహాసముద్ర ప్రవాహాలను ఎలా మార్చగలదు? దయచేసి వివరంగా తెలియజేయగలరు.

జవాబు: సముద్రపు నీటి సాంద్రతను నిర్ణయించేవి ముఖ్యంగా రెండు: ఉష్ణోగ్రత, ఉప్పదనం. చల్లబడితే సాంద్రత పెరుగుతుంది, ఉప్పు పెరిగినా పెరుగుతుంది. అయితే ఈ రెండింటి బలం అన్ని చోట్లా ఒకేలా ఉండదు. వెచ్చని ఉష్ణమండల సముద్రంలో ఒక డిగ్రీ చల్లబడితే కలిగే సాంద్రత మార్పుతో పోల్చితే, గడ్డకట్టే స్థితికి దగ్గరగా ఉన్న నీటిలో అదే ఒక డిగ్రీ వల్ల కలిగే మార్పు అయిదారు రెట్లు తక్కువ. అంటే ధ్రువ సముద్రాల్లో నీరు మునగాలా తేలాలా అన్నది అధికంగా ఉప్పు చేతిలోనే ఉంటుంది. కరిగిన మంచు దెబ్బతీసేది సరిగ్గా ఈ ఉప్పదనాన్నే.

ఇప్పుడు ఉత్తర అట్లాంటిక్‌ను చూద్దాం. ఉష్ణమండలం నుంచి వెచ్చని, బాగా ఉప్పగా ఉన్న నీరు ఉపరితలం మీదుగా ఉత్తరానికి సాగుతుంది. దారిలో తన వేడిని గాలికి ఇచ్చేసి చల్లబడుతుంది. గ్రీన్‌లాండ్‌కు తూర్పున ఉన్న నార్డిక్ సముద్రాల్లో, దాని దక్షిణపు కొసకు అటూ ఇటూ ఉన్న ఇర్మింగర్, లాబ్రడార్ సముద్రాల్లో ఈ చల్లని ఉప్పునీరు బరువెక్కి లోతుకు దిగుతుంది. గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్‌ల మధ్య ఉన్న డెన్మార్క్ జలసంధి వద్ద ఇది సముద్రగర్భంలోనే ఒక గట్టు దాటి 3 కిలోమీటర్లకు పైగా కిందికి జారుతుంది. నేల మీద ఉన్న ఏ జలపాతమూ ఎత్తులో గాని, నీటి పరిమాణంలో గాని దీని దరిదాపులకు రాదు. అలా దిగిన నీరు లోతుల్లో దక్షిణానికి ప్రయాణించి, కొన్ని శతాబ్దాల తరువాత ఇతర సముద్రాల్లో మళ్లీ పైకి వస్తుంది. పైన ఉత్తరానికి, కింద దక్షిణానికి సాగే ఈ మొత్తం వ్యవస్థను అట్లాంటిక్ తిరగబోత ప్రవాహం అనవచ్చు. శాస్త్రజ్ఞులు దీన్ని ఏమాక్ అనే సంక్షిప్త నామంతో వ్యవహరిస్తారు.

దాని పరిమాణం సెకనుకు సుమారు 1.7 కోట్ల ఘనపు మీటర్లు. ప్రపంచంలోని నదులన్నీ కలిసి సముద్రంలోకి చేర్చే నీరు ఇందులో పదో వంతు కూడా ఉండదు. 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద అట్లాంటిక్ ఉత్తరానికి మోసుకుపోయే వేడి, మానవాళి అన్ని అవసరాలకూ వాడే మొత్తం శక్తికి దాదాపు 60 రెట్లు.

మీరు అడిగిన లెక్కకు వద్దాం. గ్రీన్‌లాండ్ కోల్పోతున్న 27,000 కోట్ల టన్నులను ఏడాదిలోని సెకన్లతో భాగిస్తే సెకనుకు సుమారు 8,500 ఘనపు మీటర్లు వస్తుంది. 1.7 కోట్ల పక్కన ఇది లెక్కకు రానట్లే కనిపిస్తుంది. అయితే ఈ నీరు మొత్తం ప్రవాహంలో సమంగా కలిసిపోదు. మంచినీరు తేలిక కనుక పలుచని పొరగా పైనే నిలుస్తుంది, పైగా అది చేరేది ఉపరితలపు నీరు మునగవలసిన ప్రాంతాలకు సమీపంలోనే. శీతకాలపు గాలులు ఆ పొరను ఎంత చల్లబరచినా, ఉప్పు చాలనందున కిందనున్న నీటి కన్నా అది బరువెక్కదు.

అసలు చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. నీరు మునగడం మందగిస్తే, దక్షిణం నుంచి ఉత్తరానికి వచ్చే ఉప్పునీరు కూడా తగ్గుతుంది. ఉప్పు రాక తగ్గితే ఉత్తరాన నీరు ఇంకా చప్పబడుతుంది, మునక ఇంకా తగ్గుతుంది. అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు హెన్రీ స్టొమ్మెల్ 1961లో రెండు నీటి గదులతో కూడిన చాలా సరళమైన గణిత నమూనాతో ఈ విషయాన్ని చూపించాడు. ఒకే రకమైన వాతావరణ పరిస్థితుల్లో ప్రవాహం బలంగానూ ఉండగలదు, దాదాపు ఆగిపోయిన స్థితిలోనూ ఉండగలదని, ఒక స్థితి నుంచి మరొకదానికి మారడం హఠాత్తుగా జరగవచ్చని ఆ నమూనా చెబుతుంది. మారిన తరువాత వచ్చిన దారినే వెనక్కి పోవడం సాధ్యపడదు. ప్రవాహాన్ని ఆపిన మంచినీటిని అంతే మేరకు తగ్గించినా అది వెంటనే కోలుకోదు.

ఇది కాగితం మీది ఊహ మాత్రమే కాదు. సుమారు 12,900 ఏళ్ల క్రితం, మంచుయుగం ముగిసి భూమి వేడెక్కుతున్న దశలో, ఉత్తరార్ధగోళం ఉన్నట్టుండి మళ్లీ చలిలోకి జారి వెయ్యేళ్లకు పైగా అలాగే ఉండిపోయింది. యంగర్ డ్రయాస్ అని పిలిచే ఈ చలికాలానికి, ఉత్తర అమెరికా హిమఫలకం కరిగిన నీరు సముద్రంలో చేరి తిరగబోత ప్రవాహాన్ని బలహీనపరచడమే కారణమని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆ నీరు ఏ దారిన సముద్రానికి చేరిందన్న దానిపై వాదోపవాదాలు ఇంకా సాగుతున్నాయి. 8,200 ఏళ్ల క్రితం హడ్సన్ అఖాతం గుండా ఒక మహా హిమనదీ సరస్సు ఖాళీ అయినప్పుడు ఇటువంటిదే, మరి కాస్త చిన్నదైన చలి ఘట్టం సంభవించింది.

ఇప్పటి పరిస్థితి గురించి మాట కొంచెం ఆచితూచి చెప్పాలి. 2004 నుంచి ఫ్లోరిడా, ఆఫ్రికా తీరాల మధ్య సముద్రంలో అమర్చిన ర్యాపిడ్ పరికరాల వరుస ఈ ప్రవాహాన్ని నిరంతరంగా కొలుస్తోంది. ఏడాదికి ఏడాదికి మధ్య హెచ్చుతగ్గులు చాలా పెద్దవి కావడం వల్ల, రెండు దశాబ్దాల కొలతల నుంచి దీర్ఘకాలిక ధోరణిని విడదీయడం కష్టం. ఈ శతాబ్దంలో ప్రవాహం బలహీనపడటం దాదాపు ఖాయమని, 2100 లోపు హఠాత్తుగా కుప్పకూలదని ఒక మోస్తరు నమ్మకంతో చెప్పగలమని ఐపీసీసీ నివేదిక అన్నది. ఆ తరువాత వచ్చిన కొన్ని పరిశోధనలు ఈ రెండో మాటను గట్టిగా ప్రశ్నించాయి. మరొక విషయం కూడా గుర్తుంచుకోవాలి. సముద్రపు ఉపరితలం వేడెక్కడం, ఉత్తర ప్రాంతాల్లో వానలు పెరగడం కూడా ఇదే పని చేస్తాయి కనుక, బలహీనత అంతటికీ మంచే కారణమని రాయడం తొందరపాటు అవుతుంది.

ప్రశ్న: గల్ఫ్ స్ట్రీమ్ ఆగిపోయి ఐరోపా కొద్ది రోజుల్లో గడ్డకట్టుకుపోతుందని సినిమాల్లో చూపిస్తారు. అది సాధ్యమేనా?

జవాబు: సాధ్యం కాదు. ఉత్తర అమెరికా తూర్పు తీరం వెంబడి సాగే వెచ్చని ప్రవాహమైన గల్ఫ్ స్ట్రీమ్‌లో అధిక భాగాన్ని నడిపేవి గాలులు, భూభ్రమణం. గాలులు వీచినంత కాలం, భూమి తిరిగినంత కాలం అది ఏదో ఒక రూపంలో ఉంటుంది. బలహీనపడేది దానితో ముడిపడి ఉన్న తిరగబోత ప్రవాహం. రెండింటినీ ఒకటిగా రాయడం వల్ల చాలా గందరగోళం ఏర్పడింది.

తిరగబోత ప్రవాహం నిజంగా కుప్పకూలితే మార్పులు రోజుల్లో కాక దశాబ్దాల్లో కనిపిస్తాయి. వాయవ్య ఐరోపాలో శీతకాలాలు కొన్ని డిగ్రీల మేర చల్లబడతాయి. అంతకన్నా ఎక్కువమందిని తాకేది మరొకటి. ఉత్తరార్ధగోళానికి వచ్చే వేడి తగ్గడంతో ఉష్ణమండలపు వాన పట్టీ దక్షిణానికి జరుగుతుంది, భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న రుతుపవన ప్రాంతాల్లో వర్షాలు దెబ్బతింటాయి. ఐరోపా చలి గురించి జరిగిన చర్చలో పదో వంతు కూడా ఈ విషయం మీద జరగకపోవడం విచారకరం.

ప్రవాహానికి, సముద్రమట్టానికి నేరుగా సంబంధం కూడా ఉంది. భూభ్రమణం వల్ల ఉత్తరార్ధగోళంలో బలమైన ప్రవాహానికి ఎడమ వైపు నీటిమట్టం తక్కువగా, కుడి వైపు ఎక్కువగా ఉంటుంది. గల్ఫ్ స్ట్రీమ్‌కు రెండు వైపులా ఈ తేడా సుమారు ఒక మీటరు. ప్రవాహం నెమ్మదించినప్పుడు ఈ వాలు తగ్గి, ఎడమ వైపున ఉన్న ఉత్తర అమెరికా తీరం వద్ద నీరు లేస్తుంది. 2009–10లో తిరగబోత ప్రవాహం తాత్కాలికంగా సుమారు 30 శాతం తగ్గినప్పుడు న్యూయార్క్‌కు ఉత్తరాన ఉన్న తీరంలో సముద్రమట్టం 10 సెంటీమీటర్లకు పైగా పెరిగింది. అప్పుడు వీచిన గాలుల పాత్ర కూడా అందులో కొంత ఉంది.

ప్రశ్న: అంటార్కిటికాలో గాలి ఉష్ణోగ్రత ఎప్పుడూ సున్నాకు చాలా దిగువనే ఉంటుంది. అక్కడ మంచు ఎలా కరుగుతుంది?

జవాబు: ఎక్కువగా పై నుంచి కాదు, కింద నుంచి. అంటార్కిటికా చుట్టూ తిరిగే లోతు నీటిలో సున్నాకు కొంచెం పైన, దాదాపు ఒక డిగ్రీ ఉష్ణోగ్రత గల పొర ఒకటి ఉంది. వినడానికి అది చల్లగానే ఉంటుంది. అయితే సముద్రపు నీరు మైనస్ 1.9 డిగ్రీల వద్ద గాని గడ్డకట్టదు, లోతున ఉండే ఒత్తిడి మంచు కరిగే ఉష్ణోగ్రతను ఇంకా దించుతుంది. కాబట్టి నేల మీది మంచు సముద్రంలోకి చాచుకుని తేలే పలకల అడుగున, ఈ నీరు కరిగే స్థితి కన్నా మూడు నాలుగు డిగ్రీలు వేడిగా ఉన్నట్లే లెక్క.

పశ్చిమ అంటార్కిటికాలో అమండ్సెన్ సముద్ర తీరంలో ఉన్న థ్వైట్స్ హిమానీనదం గురించి ఎక్కువ ఆందోళన ఇందువల్లనే. సుమారు 120 కిలోమీటర్ల వెడల్పు ఉన్న ఈ హిమానీనదం కూర్చున్న నేల సముద్రమట్టానికి దిగువన ఉండడమే కాక, లోపలికి పోయే కొద్దీ ఇంకా లోతుగా వాలుతుంది. అంచు వెనక్కి జరిగినప్పుడల్లా మరింత మందమైన మంచు నీటికి ఎదురవుతుంది, మరింత వేగంగా బయటికి ప్రవహిస్తుంది. పశ్చిమ అంటార్కిటికాకు ఇటువంటి ముప్పు ఉందని హిమానీనద శాస్త్రజ్ఞుడు జాన్ మెర్సర్ 1978లోనే హెచ్చరించాడు. థ్వైట్స్ ఒక్కటే పూర్తిగా పోతే సముద్రమట్టం సుమారు 65 సెంటీమీటర్లు పెరుగుతుంది. అయితే దానికి పట్టే కాలం శతాబ్దాల్లో ఉంటుందే గాని, కొన్ని శీర్షికలు సూచించినట్లు సంవత్సరాల్లో కాదు.

తేలే పలకలు కరిగినా మట్టం పెద్దగా పెరగదని మొదటి జవాబులో చెప్పాము. కాని ఆ పలకలు వెనకనున్న నేల మంచును అడ్డుకుని నిలబెడతాయి. 2002లో అంటార్కిటికా ద్వీపకల్పపు లార్సెన్ బి పలకలో సుమారు 3,250 చదరపు కిలోమీటర్ల భాగం కొద్ది వారాల్లో ముక్కలైపోయిన తరువాత, దాని వెనుక ఉన్న హిమానీనదాలు ఎన్నో రెట్లు వేగం పుంజుకున్నాయి.

ఇక్కడ కూడా ప్రవాహాల ప్రస్తావన తప్పదు. అంటార్కిటికాను ఆనుకుని ఉన్న వెడ్డెల్, రాస్ సముద్రాల్లో నీరు గడ్డకట్టేటప్పుడు ఉప్పును బయటికి వదిలేస్తుంది. ఆ ఉప్పు చేరి బరువెక్కిన నీరు మహాసముద్రాల అట్టడుగుకు దిగి, ప్రాణవాయువును 4,000 మీటర్ల లోతుకు మోసుకుపోతుంది. హిమఫలకం కరిగిన నీరు కలిసి రాస్ సముద్రం దశాబ్దాలుగా చప్పబడుతూ వచ్చింది. అట్టడుగు నీటి పొర వేడెక్కి, దాని పరిమాణం తగ్గుతున్నట్లు కూడా కొలతలు చూపుతున్నాయి. పైపొర తేలికైనప్పుడు కింది వెచ్చని నీరు తన వేడిని గాలికి వదిలే అవకాశం కోల్పోయి, ఆ వేడితోనే మంచు అడుగుకు చేరుతుంది. అంటే ఒకచోట కరిగిన మంచు, పక్కచోట కరగబోయే మంచుకు దారి చూపుతుంది.

ప్రశ్న: భూమి మళ్లీ చల్లబడితే కరిగిన మంచు తిరిగి ఏర్పడదా?

జవాబు: సముద్రపు మంచు ఏర్పడుతుంది, కొన్ని ఏళ్లలోనే. హిమఫలకం సంగతి అలా కాదు. గ్రీన్‌లాండ్ శిఖర భాగం 3,200 మీటర్ల ఎత్తున ఉన్నందువల్లనే చల్లగా ఉంది. కరిగి ఎత్తు తగ్గితే, ఉపరితలం వెచ్చని గాలి పొరలోకి దిగి ఇంకా కరుగుతుంది. పారిశ్రామిక యుగానికి ముందున్న దానికన్నా 0.8 నుంచి 3 డిగ్రీల వేడి మధ్యలో ఎక్కడో ఈ మార్పు తనంతట తాను సాగిపోయే హద్దు ఉందని అంచనా. భూమి సగటు ఉష్ణోగ్రత ఆ పరిధిలోకి ఇప్పటికే ప్రవేశించింది. పోయిన హిమఫలకం తిరిగి పేరుకోవడానికి వేల ఏళ్ల హిమపాతం కావాలి.

ప్రశ్న: 2100 నాటికి సముద్రమట్టం ఎంత పెరుగుతుందన్న దానికి ఒక్కొక్కరు ఒక్కొక్క అంకె చెబుతారు. ఏది నమ్మాలి?

జవాబు: అంకెల మధ్య తేడాకు రెండు కారణాలున్నాయి. మొదటిది మనుషులు ఇకముందు వదిలే కర్బన ఉద్గారాలు. ఉద్గారాలను చాలా వేగంగా తగ్గిస్తే 1995–2014 సగటుతో పోల్చి 28 నుంచి 55 సెంటీమీటర్లు, చాలా ఎక్కువగా కొనసాగిస్తే 63 సెంటీమీటర్ల నుంచి ఒక మీటరు వరకు పెరుగుదల ఉండవచ్చని ఐపీసీసీ అంచనా.

రెండవది హిమఫలకాల ప్రవర్తన. అంటార్కిటికా అంచులు ఎంత వేగంగా కూలతాయన్నది భౌతికశాస్త్రంలో ఇంకా తేలని సమస్య కనుక, అత్యధిక ఉద్గారాల పరిస్థితిలో 2100 నాటికి 2 మీటర్ల దగ్గరకు చేరే అవకాశాన్ని కొట్టిపారేయలేమని అదే నివేదిక జోడించింది. ఈ చివరి వాక్యాన్ని కొందరు పూర్తిగా దాచిపెడతారు, మరికొందరు అదొక్కటే చెబుతారు. రెండూ పాఠకుడిని తప్పుదారి పట్టించేవే. పైగా 2100 అన్నది మన సౌలభ్యం కోసం గీసుకున్న గీత మాత్రమే. వేడిని 1.5 డిగ్రీల వద్ద ఆపగలిగినా, రాబోయే 2,000 ఏళ్లలో సముద్రమట్టం 2 నుంచి 3 మీటర్లు పెరుగుతుందని, 5 డిగ్రీల వేడికి అది 19 నుంచి 22 మీటర్లు అవుతుందని అంచనా.

ప్రశ్న: పెరిగిన సముద్రపు నీటిని పంపులతో తోడి అంటార్కిటికా మీదే గడ్డకట్టిస్తే సరిపోదా?

జవాబు: ఈ ఆలోచనను శాస్త్రజ్ఞులు నిజంగానే లెక్కగట్టి చూశారు. తీరానికి దగ్గరలో పోస్తే ఆ బరువుకు మంచు ఇంకా వేగంగా సముద్రంలోకి జారుతుంది కాబట్టి, నీటిని కనీసం 700 కిలోమీటర్లు లోపలికి, వేల మీటర్ల ఎత్తుకు ఎక్కించాలి. ఏటా 3 మిల్లీమీటర్ల పెరుగుదలను ఆపాలంటే లక్ష కోట్ల టన్నులకు పైగా నీటిని ప్రతి సంవత్సరం, విరామం లేకుండా తోడవలసి ఉంటుంది. దానికే ప్రపంచం ప్రస్తుతం వాడే శక్తిలో 7 శాతానికి పైగా ఖర్చవుతుందని తేలింది. అలా పోసిన మంచు కూడా అక్కడ శాశ్వతంగా ఉండదు, ఎన్నో శతాబ్దాల తరువాత అది కూడా ప్రవహిస్తూ తీరానికి చేరుతుంది.